ఫిలడెల్ఫియా వింతలు: మోగని గంట నుంచి మధురై మండపం దాకా

గుడిలో గంట కనబడితే మన చెయ్యి ఊరుకోదు. ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ ముందు నిలబడ్డప్పుడు అమ్మ చెయ్యి కూడా అలాగే దానంతటది పైకి లేచింది, మధ్యలో అడ్డుకమ్మీ చూసి దిగింది. ఆ గంటను ఎవరూ మోగించరు, మోగించలేరు. 1846 ఫిబ్రవరిలో జార్జి వాషింగ్టన్ పుట్టినరోజుకు కొట్టినప్పుడే దాని గొంతు పోయింది. మోగని గంటను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి వరసలో నిలబడటమే ఈ ఊళ్లో మొదటి వింత.

దాని కథ మొదటినుంచీ పగుళ్ల కథే. పెన్సిల్వేనియా అసెంబ్లీ 1751లో లండన్‌లోని వైట్‌చాపెల్ కార్ఖానాకు ఆర్డరిస్తే మరుసటేడు ఓడ దిగింది. ధ్వని ఎలా ఉందో చూద్దామని కొట్టగానే బీటిచ్చింది. జాన్ పాస్, జాన్ స్టో అనే ఊరి పోతపనివాళ్లు దాన్ని కరిగించి మళ్లీ పోశారు. ఆ ధ్వని ఎవరికీ నచ్చక ఇంకోసారి పోశారు. వాళ్లిద్దరి పేర్లూ ఇవాళ్టికీ గంట మీద ఉన్నాయి. బరువు 2,080 పౌండ్లు, అంటే సుమారు 943 కిలోలు. అంచు చుట్టుకొలత 12 అడుగులు.

అందరూ ఫోటో తీసుకునే ఆ వెడల్పాటి చీలిక అసలు బీట కాదని నాకు అక్కడికి వెళ్లేదాకా తెలియదు. మొదట వచ్చింది సన్నని బీట. దాని అంచులు ఒకదానికొకటి రాసుకుని జరజరమనకుండా ఉండాలని పనివాళ్లే 1846లో దాన్ని కావాలని తొలిచి వెడల్పు చేశారు. దగ్గరికెళ్లి చూస్తే తొలిచిన గాట్లు ఇంకా తెలుస్తాయి. మరమ్మతు కుదిరిందనుకుని మోగిస్తే, ఆ చీలిక పైకొస నుంచి వెంట్రుకంత సన్నగా మరో బీట పాకింది. గంట నోరు మూయించింది అదీ. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది గాయం కాదు, గాయానికి చేసిన వైద్యం.

1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటన కోసం ఈ గంట మోగిందని పిల్లల కథల్లో చెబుతారు. దానికి ఆధారం లేదు. లిబర్టీ బెల్ అన్న పేరు కూడా అప్పటిది కాదు. 1830ల్లో బానిసత్వం రద్దు కావాలని పోరాడినవాళ్లు దీన్ని తమ గుర్తుగా తీసుకుని ఆ పేరు వాడకంలోకి తెచ్చారు. స్వేచ్ఛ అని చెక్కిన గంట ఉన్న దేశంలో మనుషుల్ని అమ్ముతున్నారే అని వాళ్లు అడిగారు. గంటకు కీర్తి వచ్చింది స్వాతంత్ర్యం వచ్చిన రోజున కాదు, అది అందరికీ రాలేదని గుర్తుచేసిన రోజుల్లో. ఇప్పుడు ఏటా జులై 4న ఆ ప్రకటన మీద సంతకాలు పెట్టినవాళ్ల వంశం పిల్లలు దీన్ని 13 సార్లు తడతారు. అలనాటి 13 వలసలకు 13. కొట్టడం కాదు, నిద్రపోయే బిడ్డను తట్టినట్టు తట్టడం.

రోడ్డు దాటితే ఇండిపెండెన్స్ హాల్. దీన్ని చూడనివాళ్లూ 100 డాలర్ల నోటు తిప్పి చూస్తే చాలు, వెనకవైపున్న ఎర్ర ఇటుకల భవనం ఇదే. ఒకే గదిలో 1776లో స్వాతంత్ర్య ప్రకటన ఆమోదం పొందింది, 1787లో రాజ్యాంగం రాసుకున్నారు. గది చూస్తే మన ఊళ్లో ఓ మోస్తరు కల్యాణ మండపమంత కూడా ఉండదు. బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు, సిరా బుడ్లు. ఆ సామానులో చాలావరకు ఆ కాలానివే గానీ ఆ గదివి కావు. అధ్యక్షుడి కుర్చీ మాత్రం అసలుదే. వాషింగ్టన్ ఆ వేసవంతా కూర్చున్న కుర్చీ అది, వీపు పైన సగం సూర్యుడు చెక్కి ఉంటుంది. సభ ముగిసిననాడు 81 ఏళ్ల బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని చూపించి, ఇది ఉదయించే సూర్యుడో అస్తమించే సూర్యుడో ఇన్నాళ్లూ తేల్చుకోలేకపోయాననీ, ఇప్పుడు ఉదయించేదేనని నమ్మకం కలిగిందనీ అన్నాడట. 1979లో యునెస్కో ఈ భవనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2015లో ఊరికి ఊరే ‘ప్రపంచ వారసత్వ నగరం’ అయింది. అమెరికాలో ఆ పేరు తెచ్చుకున్న తొలి నగరం ఇదే.

ఫిలడెల్ఫియాలో ఏ గోడ మీది పలక చదివినా ‘అమెరికాలో మొట్టమొదటి’ అని ఉంటుంది. వినీ వినీ ఆ మాట చెవికి ఆనకుండా పోతుంది. నన్ను ఆపిన మాట వేరే ఉంది. ‘ఇప్పటికీ’ అన్న మాట. మొట్టమొదటిది కావడానికి అందరికన్నా ముందు మొదలుపెడితే చాలు. ఇప్పటికీ ఉండాలంటే తరతరాలూ ఎవరో ఒకరు ఊడ్చి, తుడిచి, దీపం పెట్టాలి.

పెన్సిల్వేనియా ఆసుపత్రి అలాంటిదే. థామస్ బాండ్ అనే వైద్యుడూ ఫ్రాంక్లిన్ కలిసి 1751లో పెట్టారు, దేశంలో తొలి ఆసుపత్రి. ఇప్పటికీ అక్కడ రోగుల్ని చూస్తున్నారు. పాత భవనం పై అంతస్తులో 1804 నాటి శస్త్రచికిత్స గది ఉంది. గుండ్రని గది, చుట్టూ మెట్ల వరసలు, నెత్తిన గాజు కప్పు. కరెంటు లేని రోజుల్లో ఎండ బాగా కాసిన రోజున, నడినెత్తిన పొద్దు ఉండే వేళలోనే కోత. మత్తుమందు ఇంకా రాలేదు. పైన మెట్ల మీద వైద్య విద్యార్థులు, కింద బల్ల మీద మనిషి. ఆ గదిలో ఎంతమంది మాట్లాడుకుంటూ వచ్చినా గొంతు తగ్గించేస్తారు.

ఫ్రాంక్లిన్ మొదలుపెట్టినవి లెక్కపెట్టడం మొదలుపెడితే ఈ వ్యాసం సరిపోదు. 1731లో చందా గ్రంథాలయం, 1736లో అగ్నిమాపక దళం, 1743లో తత్త్వ పరిశోధక సంఘం, 1752లో ఇళ్లకు అగ్ని బీమా. బీమా కట్టిన ఇంటి గోడకు ఒక గుర్తు బిగించేవారు. నాలుగు చేతులు, ఒక్కో చెయ్యీ పక్కచేతి మణికట్టును పట్టుకున్నట్టు. చిన్నప్పుడు ఇద్దరం చేతులు కలిపి మూడోవాణ్ణి కూర్చోబెట్టి మోసేవాళ్లం కదా, అచ్చంగా ఆ పట్టే. పాత వీధుల్లో రెండో అంతస్తు కిటికీల దగ్గర ఈ గుర్తులు ఇంకా కనిపిస్తాయి. వెతుక్కుంటూ నడవడం ఒక సరదా.

ఆయన సమాధి క్రైస్ట్ చర్చి శ్మశానంలో ఉంది. నేల మీద పరిచిన పాలరాతి పలక, దాని మీద ఎప్పుడూ చిల్లర. పైసా పొదుపు గురించి ఊరంతటికీ చెప్పిన మనిషి కాబట్టి వచ్చినవాళ్లు సమాధి మీద పెన్నీలు వేసి వెళ్తారు. దశాబ్దాలుగా నాణేల దెబ్బలకు రాయి గుంటలు పడింది. పెద్దమనిషి మీద ప్రేమ ఉన్నవాళ్లు నాణెం విసరకుండా మెల్లగా పెడితే బాగుండును. ఆ చర్చి శిఖరం 196 అడుగులు, 1754లో పూర్తయ్యింది. ఆ కాలంలో అమెరికన్ వలసల్లో దాన్ని మించిన ఎత్తు లేదు.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఎల్‌ఫ్రెత్స్ ఆలీ. మన మాటల్లో ఎల్‌ఫ్రెత్ సందు. జెరెమియా ఎల్‌ఫ్రెత్ అనే కమ్మరి పేరిట వచ్చింది. దేశంలో జనం ఎడతెగకుండా కాపురమున్న వీధుల్లో ఇదే అత్యంత పాతదని చెబుతారు. 1700ల మొదట్లో పడిన సందు, 32 ఇళ్లు. చివరి ఇల్లు 1836లో లేచింది. గొప్పవాళ్లు ఉన్న వీధి కాదు. కమ్మరులు, వడ్రంగులు, ఓడ పనివాళ్లు, బట్టలు కుట్టుకుని బతికిన ఆడవాళ్లు. వాషింగ్టన్ ఎక్కడ కూర్చున్నాడో చూపించే ఊళ్లో, ఆ కుర్చీ చేసే తరహా మనుషులు ఎక్కడ పడుకునేవారో చూపించే వీధి ఇది. నాకు ఊరు మొత్తంలో ఎక్కువ నచ్చింది ఇదే.

రాళ్లు పరిచిన దారి, రెండు చేతులు చాపితే అందుతాయేమో అన్నంత దగ్గరగా ఎదురెదురు ఇళ్లు. ప్రతి గుమ్మం పక్కనా నేలలో పాతిన చిన్న ఇనప కమ్మీ ఉంటుంది, బురద చెప్పులు గీరుకోవడానికి. ఒక ఇంటి పై కిటికీకి వింత పరికరం కనబడింది. మూడు చిన్న అద్దాలు, కోణాలు కోణాలుగా బిగించి ఉన్నాయి. పైగదిలో కుర్చీలో కూర్చున్న మనిషి లేవకుండానే కింద తలుపు తట్టిందెవరో, వీధికి ఆ చివర నుంచి ఈ చివర నుంచి వస్తున్నదెవరో చూడొచ్చు. ఇక్కడ దీన్ని బిజీబాడీ అంటారు, అంటే పరాయి సంగతులన్నీ కావాల్సిన మనిషి. ఆరాల అద్దం అనొచ్చు మనం. దీన్ని ఈ ఊరికి ఫ్రాంక్లినే తెచ్చాడని చెప్పుకుంటారు. అమ్మ దాని కింద నిలబడి, ‘మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎంత ఉపకారం’ అంది. రెండొందల ఏళ్ల వస్తువు ఎందుకు పుట్టిందో ఆవిడకు ఏ పలకా చదవకుండానే అర్థమయింది.

మేం చూస్తుండగానే ఒక తలుపు తెరుచుకుని ఒకామె కూరగాయల సంచితో లోపలికి వెళ్లింది. మ్యూజియం కోసం వదిలిన రెండు ఇళ్లు తప్ప మిగతావన్నీ ఇలా కాపురాలే.

ఇక ఎత్తుల సంగతి. ఊరి నడిబొడ్డున ఉన్న సిటీ హాల్ కట్టడం 1871లో మొదలై 1901 దాకా సాగింది. మొదలుపెట్టినప్పుడు ప్రపంచంలోనే ఎత్తయిన కట్టడం కావాలని ఆశ. తీరా పూర్తయ్యేసరికి వాషింగ్టన్ స్మారక స్తంభం, ఈఫిల్ టవర్ రెండూ దాన్ని మించిపోయాయి. అయినా మనుషులు ఉండి పనిచేసే భవనాల్లో 1894 నుంచి 1908 దాకా ఇదే ప్రపంచంలో ఎత్తయినది, 548 అడుగులు. బరువంతా గోడలే మోస్తాయి కాబట్టి అడుగున గోడ మందం 22 అడుగులు. మన పల్లెల్లో ఒక గది వెడల్పును మించిన మందం.

దాని కొనన నగర స్థాపకుడు విలియం పెన్ కంచు విగ్రహం ఉంది, 37 అడుగుల ఎత్తు, 27 టన్నులు. భవనం నెత్తిన నిలబెట్టిన విగ్రహాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దదని చెబుతారు. చాలాకాలం ఊళ్లో ఒక మాట నడిచింది. పెన్ టోపీని మించి ఎవరూ మేడ కట్టకూడదు. చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. న్యూయార్క్, షికాగో ఆకాశంలోకి పాకుతుంటే ఫిలడెల్ఫియా దాదాపు 90 ఏళ్లు టోపీ కిందే ఉండిపోయింది. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ అనే మేడ 945 అడుగులకు లేచి ఆ మాట తప్పించింది. అప్పటినుంచి ఊరి పెద్ద జట్లకు ఏ ఆటలోనూ టైటిల్ రాలేదు. పెన్ శాపం తగిలిందన్నారు అభిమానులు. 2007లో అంతకన్నా ఎత్తయిన కామ్‌కాస్ట్ సెంటర్ కడుతున్న ఇనప పనివాళ్లు ఆఖరి దూలానికి గుప్పెడంత పెన్ బొమ్మను అంటించారు, మళ్లీ ఊరందరికన్నా ఎత్తున ఆయనే ఉండేట్టు. మరుసటి ఏడాదే, 2008లో, ఫిల్లీస్ జట్టు బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గెలిచింది. దిష్టి, శాంతి తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

సిటీ హాల్ ఎదురుగానే వానమేకర్ భవనం. ఏడంతస్తుల ఎత్తున్న హాలు, నడుమ కంచు డేగ, పైన గోడనిండా బంగారు రంగు గొట్టాలు. పూర్తిగా పనిచేస్తున్న పైప్ ఆర్గన్లలో ప్రపంచంలో ఇదే పెద్దది. అట్లాంటిక్ సిటీలో ఇంతకన్నా ఎక్కువ గొట్టాల ఆర్గన్ ఉంది గానీ అది మొత్తం పలకదు. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శన కోసం చేసినదాన్ని వానమేకర్ కొని 13 రైలు పెట్టెల్లో తెప్పించాడు. 1911 జూన్ 22న, లండన్‌లో ఐదో జార్జికి పట్టాభిషేకం జరుగుతున్న వేళ, ఇక్కడ తొలిసారి మోగింది. అదే రాజు ఆ డిసెంబరులో ఢిల్లీ దర్బారుకు వచ్చాడు. పది వేల గొట్టాలు ఆ హాలుకు ఆనలేదని కొట్టు అటక మీదే కార్ఖానా పెట్టి ఏళ్ల తరబడి పెంచారు. ఇప్పుడు 28 వేలకు పైగా గొట్టాలు, ఆరు వరసల మెట్లు. కొన్నేళ్ల కిందట నేను ఒక్కదాన్నే వెళ్లి విన్నాను. మంద్రస్వరాలు వాయించినప్పుడు చెవికన్నా ముందు అరికాళ్లకు తెలుస్తుంది. పక్కన ఒకావిడ చెప్పుల డబ్బాలు చంకన పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడింది. టికెట్ లేదు, వేదిక లేదు. బజారుకొచ్చినవాళ్లకు ప్రపంచంలోనే పెద్ద వాద్యం ఉచితంగా వినిపించడం నూరేళ్లకు పైగా నడిచింది. 2025 మార్చిలో అక్కడి మేసీస్ దుకాణం మూతపడింది. ఆర్గన్ భవనంలోనే ఉంది. ఆ ఏడాదే మళ్లీ కొన్ని కచేరీలూ జరిగాయి. కానీ రోజూ వినపడటం వేరు, కచేరీకి వినపడటం వేరు. అమ్మకు ఆ రోజువారీ పాట వినిపించలేకపోయాను.

అంత గొప్పగా చెప్పుకోలేని రికార్డులూ ఈ ఊరికున్నాయి. 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ కట్టినప్పుడు ప్రతి గదికీ కొళాయి నీళ్లు, మరుగుదొడ్డి ఉండేవి. అప్పటికి అధ్యక్షుడి వైట్ హౌస్‌లో కూడా కొళాయి లేదు. ఎందుకంటే ఖైదీ గది దాటి బయటికి రాకూడదు, ఇంకో మనిషి ముఖం చూడకూడదు. ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపం పుడుతుందని నమ్మకం. బండి చక్రం ఆకుల్లా సాగే దాని నమూనాను ప్రపంచంలో దాదాపు 300 జైళ్లు అనుకరించాయి. 1842లో చార్లెస్ డికెన్స్ వచ్చి చూసి, ఈ ఒంటరితనం దేహహింస కన్నా ఘోరమని గట్టిగా రాశాడు. మంచి చేస్తున్నామన్న నమ్మకంతో కట్టిన క్రూరత్వం అది. 1971లో మూసేశారు. పెచ్చులూడిన గోడలను బాగుచేయకుండా అలాగే చూపిస్తున్నారు, అదే సరైన పని.

దేశపు తొలి జూకు అనుమతి 1859లోనే వచ్చినా అంతర్యుద్ధం అడ్డొచ్చి 1874లో గానీ తెరవలేదు. దాని తాజా రికార్డు ఒక తాబేలుది. 1932 నుంచి అక్కడున్న గాలపాగోస్ తాబేలు, పేరే మమ్మీ, దాదాపు నూరేళ్ల వయసులో 2025లో మొదటిసారి తల్లయింది. ఆ జాతిలో ఇంత వయసులో తొలిసారి తల్లయినది మరొకటి లేదు. 150 ఏళ్ల జూ చరిత్రలో ఆ జాతి తాబేలు పిల్లలు పుట్టడమూ అదే మొదలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద అమెరికా చేరిన తెలుగు కుటుంబాలు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ విభాగంలో ఒక్కసారి ఆగాలి. 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్ భాగాలు అక్కడున్నాయి. సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. దానికి ప్రోగ్రాములు కూర్చింది ఆరుగురు ఆడపిల్లలు. కీబోర్డు లేదు, తెర లేదు. తీగలు పీకి గుచ్చుతూ, మీటలు తిప్పుతూ లెక్క చెప్పారు. చూపించిన రోజున పొగడ్తలు యంత్రానికీ, దాన్ని కట్టిన మగవాళ్లకూ వెళ్లాయి. ఆ ఆరుగురి పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇదే ఊళ్లో 1850లో మొదలైన మహిళా వైద్య కళాశాలలో మన దేశపు ఆడపిల్ల చదివింది. ఆనందీబాయి జోషి 1886 మార్చిలో పట్టా అందుకుంది, ఇంకా 21 నిండలేదు. పాశ్చాత్య వైద్యంలో అమెరికా పట్టా పొందిన తొలి భారతీయ మహిళ. 1885లో తీసిన ఫోటో ఒకటి ఉంది. జపాన్ నుంచి వచ్చిన విద్యార్థిని కిమోనోలో, సిరియా నుంచి వచ్చిన విద్యార్థిని ఆ దేశపు దుస్తుల్లో, పక్కన ఆనందీబాయి చీరలో. పట్టా అందుకుని ఏడాది తిరక్కుండానే ఆనందీబాయి క్షయతో పుణెలో కన్నుమూసింది.

సిటీ హాల్ నుంచి కళల మ్యూజియం దాకా ఉన్న విశాలమైన దారిలో ఒక తమాషా ఉంది. పెన్ విగ్రహం చేసిన కాల్డర్ తాత, దారి మధ్యలో ఫౌంటెన్ బొమ్మలు చేసిన కాల్డర్ తండ్రి, మ్యూజియం మెట్ల పైన గాల్లో ఊగే శిల్పం చేసిన కాల్డర్ మనవడు. మూడు తరాల చేతిపని ఒకే వరసలో కనబడుతుంది. ఇదే దారిలో బార్న్స్ సంస్థ, అక్కడ 181 రెన్వార్ చిత్రాలు, ఒకేచోట ఇన్ని ఇంకెక్కడా లేవు. గోడల మీద వర్ణచిత్రాల మధ్య తలుపు బందులు, తాళాలు కూడా తగిలించి ఉంటాయి. 2012లో కొత్త భవనానికి మారినా ఏ మేకుది ఆ మేకుకే.

మ్యూజియం మెట్లు 72. ‘రాకీ’ సినిమా చూసినవాళ్లు పరుగున ఎక్కి చేతులు పైకెత్తుతారు. మేం కూర్చుంటూ లేస్తూ ఎక్కాం. లోపల దక్షిణాసియా గదుల్లోకి మలుపు తిరిగేసరికి మధురై.

మదనగోపాలస్వామి గుడి మండపం. సుమారు 1560 నాటిది, మధురైని తెలుగు నాయక రాజులు ఏలుతున్న కాలం. రాతి ఆలయ మండపాన్ని ఇలా నిలబెట్టిన మ్యూజియం అమెరికాలో మరొకటి లేదు. 1912లో యాత్రకు వచ్చిన ఎడలీన్ పెప్పర్ గిబ్సన్ అనే ఫిలడెల్ఫియా మహిళ, గుడి ఆవరణలో గుట్టగా పడి ఉన్న అరవైకి పైగా రాతి ముక్కలను కొని ఓడకెక్కించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సేవ చేయడానికి ఫ్రాన్స్ వెళ్లి అక్కడే 1919లో చనిపోయింది. ఆమె గుర్తుగా కుటుంబం ఆ రాళ్లను మ్యూజియానికి ఇచ్చింది. తర్వాత కాలంలో ఇక్కడి భారతీయ కళావిభాగాన్ని స్టెల్లా క్రామ్రిష్ పెంచింది. అప్పటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టి, కలకత్తాలో పాఠాలు చెప్పి, హిందూ దేవాలయం మీద పెద్ద గ్రంథం రాసిన మనిషి.

ఈ స్తంభాలు ఉండాల్సింది మధురైలోనే అని నా మనసు. ఆ గుట్ట అలాగే ఉండిపోతే ఏమయ్యేదో అన్న భయమూ ఉంది. రెండూ నిజంగానే అనిపించాయి. గోడ మీది రాతలు చదువుతూ నేను వెనకబడ్డాను. తిరిగి చూస్తే అమ్మ మండపం అంచున ఆగి, నూరేళ్లుగా అక్కడే అలవాటున్నట్టు, బూట్లు విప్పి పక్కన పెట్టింది. మూల నిలబడ్డ కాపలా అతను చూశాడు, ఏమీ అనలేదు. సాక్సులతోనే రెండు స్తంభాల మధ్యకు నడిచి, హనుమంతుడెక్కడున్నాడే అని వెతుక్కోవడం మొదలుపెట్టింది.